కారు స్క్రీన్‌లోని నావిగేషన్ ఎలా వాడాలి: బండి కదలకముందు చేయాల్సినవి, కదిలాక చేయకూడనివి

కొత్త కారు కొన్నవాళ్ళు చుట్టాల్లో అయినా ఆఫీసులో అయినా నన్ను అడిగేది ఇదే. స్క్రీన్‌లో మ్యాప్ వచ్చింది కదా, ఇక ఫోన్ స్టాండ్ తీసేయొచ్చా, నడుపుతూ దాన్ని ఎలా వాడాలి, అది చెప్పిన దారి ఎంతవరకు నమ్మాలి అని. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను ఏడాదికి నాలుగైదుసార్లు హైదరాబాద్ నుంచి కోనసీమకి కారు నడుపుకుంటూ వెళ్ళి వస్తాను, అందుకే ఉదాహరణలు చాలావరకు ఆ దారిలోవే.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. బండి కదిలాక నావిగేషన్‌ని చెవితో వాడాలి. వేలితో చేయాల్సిన పని ఏదైనా బండి ఆగి ఉన్నప్పుడే అయిపోవాలి. కింద రాసిందంతా దీన్ని ఎలా సాధించాలన్నదే.

ఏమేం కావాలి

- బయలుదేరే ముందు పది నిమిషాలు. ఇది లేకపోతే మిగతావేవీ పనికిరావు.
- అప్‌డేట్ అయిన మ్యాప్. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు ఉన్నచోట మ్యాప్ ఏ నెలదో కనిపిస్తుంది. కొన్ని కార్లకి నెట్ ద్వారా అదే దిగుతుంది, కొన్నిటికి పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఎక్కించాలి, లేదా సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు అడిగి చేయించుకోవాలి.
- కారుకి నెట్ అందించే కనెక్టెడ్ సర్వీసు గడువు ఉందో లేదో చూసుకోండి. అది అయిపోతే మ్యాప్ పనిచేస్తుంది కానీ లైవ్ ట్రాఫిక్ రాదు. ఎర్ర గీతలు లేవు కాబట్టి రోడ్డు ఖాళీ అనుకుని చాలామంది మోసపోతుంటారు.
- వెళ్ళే చోటు లొకేషన్, దాంతో పాటు అక్కడివాళ్ళు చెప్పే ఒక గుర్తు. గుడి, చెరువు గట్టు, రైస్ మిల్లు, వాటర్ ట్యాంక్, ఏదైనా సరే.
- పక్క సీట్లో మనిషి ఉంటే ఇంకా మంచిది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి వేరే పద్ధతి 5వ మెట్టులో చెప్తాను.

1. సెల్లార్‌లోంచి బయటికి వచ్చాక మొదలుపెట్టండి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మాల్ పార్కింగ్‌లో ఉపగ్రహాల సిగ్నల్ అందదు. అక్కడే ఊరు పేరు కొట్టి బయలుదేరితే బాణం గుర్తు పక్క వీధిలో ఉన్నట్టు చూపించి, మొదటి మలుపే తప్పు చెప్తుంది. కొత్తవాళ్ళు టెన్షన్ పడి స్క్రీన్ వైపు చూసేది సరిగ్గా అప్పుడే, అదీ గేటు దాటి మెయిన్ రోడ్డు ఎక్కుతున్న సమయంలో. బయటికి వచ్చి, ఆకాశం కనిపించే చోట పక్కకి ఆపి, ఒక నిమిషం ఆగండి. బాణం మీరున్న రోడ్డు మీదకి వచ్చి కూర్చున్నాక మిగతా పని.

2. ఊరు పేరు కొట్టడం, ఇక్కడే సగం తప్పులు

మన దగ్గర ఒకే పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో లెక్క లేదు. నేను వెళ్ళేది కోనసీమలోని కొత్తపేటకి. కొత్తపేట అని కొడితే హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ పక్కది వస్తుంది, గుంటూరులో ఒకటి ఉంది, విజయవాడలో ఇంకొకటి. రామాపురం, వెంకటాపురం, కొత్తపల్లి లాంటి పేర్లయితే జిల్లాకి నాలుగైనా ఉంటాయి. దీనికి తోడు ఇంగ్లిష్‌లో మన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఒకరు 'టి' పక్కన 'హెచ్' పెడతారు, ఇంకొకరు చివర 'ఎం' వదిలేస్తారు. మీరు కొట్టిన స్పెల్లింగ్‌తో ఎక్కడో వేరే ఊరు సరిపోతే సిస్టమ్ దాన్నే పైన చూపిస్తుంది.

అందుకని ఇలా చేయండి. ఊరు పేరు ఒక్కటే కాకుండా మండలం, జిల్లా కూడా కలిపి కొట్టండి. జిల్లాల విభజన తర్వాత (తెలంగాణలో 2016లో మొదలైంది, ఆంధ్రలో 2022లో) కొన్ని మ్యాపుల్లో ఇంకా పాత జిల్లా పేరే ఉంటుంది, కొత్త పేరుతో దొరక్కపోతే పాతది కొట్టి చూడండి. అంతకంటే సులువు, అక్కడి మనిషిని లొకేషన్ పంపమని, దాన్ని ఫోన్ నుంచి కారుకి పంపడం. హ్యుందాయ్ బ్లూలింక్, కియా కనెక్ట్ లాంటి యాప్‌లలో ఈ సౌకర్యం ఉంది. చాలా కార్లలో వచ్చే మ్యాపుల్స్ (Mappls) అనే మ్యాప్‌లో అయితే ఒక్కో చోటుకి ఆరు అక్షరాల పిన్ ఉంటుంది, అది కొడితే స్పెల్లింగ్ గొడవే ఉండదు.

సరిచూసుకోవడం ఎలా అంటే, దూరం చూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడే దాదాపు 270 కిలోమీటర్లు, మా కొత్తపేట ఇంకా అవతల. మీ స్క్రీన్ 12 కిలోమీటర్లని చూపిస్తే దిల్‌సుఖ్‌నగర్‌కి తీసుకెళ్తోందని అర్థం, అది వెంటనే తెలిసిపోతుంది. వేరే ఏదో ఊరు ఎంచుకుని 340 చూపిస్తేనే కష్టం, ఎందుకంటే దూరప్రయాణమే కదా అని ఎవరూ అనుమానించరు. వెళ్ళే చోటు ఎంత దూరమో ముందే ఇంట్లో ఎవరినైనా అడిగి తెలుసుకోండి.

3. దారి మొత్తం ఒకసారి పైనుంచి చూడండి

"స్టార్ట్" నొక్కేయకండి. రూట్ మొత్తం కనిపించేలా మ్యాప్‌ని చిన్నది చేసి, వేలితో దారి పొడవునా ఒకసారి వెళ్ళండి. ఏ హైవే మీద వెళ్తున్నాం, ఏయే ఊళ్ళు తగులుతాయి, ఎక్కడ హైవే దిగాలి. నా దారిలో అయితే ఇలా గుర్తుపెట్టుకుంటాను: ఔటర్ (హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద పెద్ద అంబర్‌పేట, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ, విజయవాడ, ఆ తర్వాత 16వ నంబర్ హైవే మీద ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం దగ్గర దిగడం. ఈ పది పేర్లు నోటికి వస్తే స్క్రీన్ ఆరిపోయినా మీరు ఇల్లు చేరతారు. పాతకాలంలో అందరూ ఇలాగే వెళ్ళేవాళ్ళు, ఆ అలవాటు పోగొట్టుకోవద్దు.

ఈ మెట్టులో అనుమానించాల్సినవి కొన్ని ఉన్నాయి.

అడవి దారులు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోతుంది, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. మ్యాప్‌లో ఆ గీత రాత్రిపూట కూడా పగటిపూట ఉన్నట్టే ఉంటుంది. గేటు దాకా వెళ్ళాక పిల్లలతో కారులో తెల్లవార్లూ కూర్చోవాల్సి వస్తుంది.

పంటు రేవులు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి మీద పంటు (బండ్లని దాటించే పెద్ద పడవ) ఉంది, కార్లు కూడా ఎక్కించుకుంటుంది. "దగ్గరి దారి" ఎంచుకుంటే కొన్ని సిస్టమ్‌లు మిమ్మల్ని ఆ రేవు దాకా తీసుకెళ్ళి నీళ్ళ మీదుగా గీత గీస్తాయి. వరద ఉన్నప్పుడు, పొద్దుపోయాక అది మీకు పనికొచ్చే దారి కాదు. రూట్ సెట్టింగ్స్‌లో ఫెర్రీలు వద్దు, మట్టిరోడ్లు వద్దు అనే ఆప్షన్లు ఉంటాయి, రెండూ ఆన్ చేసి పెట్టుకోండి. టోల్ వద్దు అనేది మాత్రం తెలిసి వాడండి. టోల్ తప్పించడానికి అది మిమ్మల్ని ఊళ్ళ లోపలి ఒంటి వరస రోడ్ల మీదకి, ఎడ్లబళ్ళూ ధాన్యం ఆరబోతలూ ఉన్న చోటికి పంపుతుంది.

ఐదు నిమిషాలు కలిసొచ్చే కొత్త దారి. హైవే వదిలేసి లోపలికి తీసుకెళ్తూ ఐదు నిమిషాలు తక్కువ అని చూపిస్తే ఒప్పుకోకండి. నేనైతే ఇరవై నిమిషాలు తేడా ఉంటే తప్ప హైవే దిగను, అదీ పగలైతేనే.

4. గొంతు, స్క్రీన్ సర్దుకోండి

వాయిస్ గైడెన్స్ ఆన్‌లో ఉందో లేదో చూసి, పాటల కంటే కొంచెం గట్టిగా వినిపించేలా పెట్టండి. చాలా కార్లలో ఈ రెండు వాల్యూమ్‌లు వేరు. గైడెన్స్ మాట్లాడుతున్నప్పుడే వాల్యూమ్ నాబ్ తిప్పితే అది పెరుగుతుంది, పాట వస్తున్నప్పుడు తిప్పితే పాటే పెరుగుతుంది. ఇది తెలియక "మా కారులో గొంతు రావట్లేదు" అనేవాళ్ళు ఎంతమందో. భాషల్లో తెలుగు ఉంటే పెట్టుకుని ఒకసారి విని చూడండి, ఊళ్ళ పేర్లు అర్థమయ్యేలా పలుకుతుంటే ఉంచండి, లేదంటే మీకు అలవాటైన భాష పెట్టుకోండి. చెవికి వినగానే అర్థం కావాలి, అదొక్కటే లెక్క.

మ్యాప్ దిశని, బండి ఎటు వెళ్తే అటు పైకి ఉండేలా మార్చండి. ఉత్తరం పైకి ఉండేలా వదిలేస్తే దక్షిణం వైపు వెళ్ళేటప్పుడు కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. దారిలో పెట్రోలు బంకులు, హోటళ్ళు, బ్యాంకుల గుర్తులన్నీ తీసేయండి. గీత, తర్వాతి మలుపు, దానికి ఎంత దూరం, ఈ మూడే కనిపించాలి. రాత్రి వెలుతురు తగ్గేలా ఆటో మోడ్ పెట్టండి. తెల్లటి మ్యాప్ ముఖాన కొడుతుంటే మీ ముందు వెళ్ళే, లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ కంటికి ఆనదు.

కొన్ని కార్లలో బండి కదలగానే టైపింగ్ లాక్ అవుతుంది. అది కావాలని పెట్టిన రక్షణ. యాక్సెసరీస్ షాపుల్లో దాన్ని తీసేస్తామంటారు, డ్రైవ్ చేస్తూ వీడియో వచ్చేలా చేస్తామంటారు. దయచేసి చేయించకండి.

5. ఎవరు చూడాలో ముందే తేల్చుకోండి

పక్క సీట్లో ఉన్నవాళ్ళకి ఒకే పని అప్పగించండి, స్క్రీన్ వాళ్ళదే. డ్రైవర్ దాన్ని ముట్టుకోరు. వాళ్ళకి చెప్పేటప్పుడు "ఇక్కడ తిప్పు" అనొద్దని, "ఇంకో కిలోమీటరులో ఎడమకి దిగాలి, ఫ్లైఓవర్ ఎక్కొద్దు" అని ముందుగా చెప్పమనండి. వెనక సీట్లోంచి మామయ్య ఒక దారి, బాబాయి ఒక దారి చెప్తుంటే మధ్యలో నడిపేవాళ్ళు నలిగిపోతారు. దారి చెప్పేది ఒక్కరే అని మర్యాదగానే చెప్పేయండి, పెద్దవాళ్ళు ఏమీ అనుకోరు.

ఒంటరిగా ఉంటే, ప్రయాణాన్ని ముక్కలు చేసుకోండి. నేను సూర్యాపేటలో టీకి ఆగుతాను, అప్పుడు అక్కడి నుంచి విజయవాడ దాకా దారి మళ్ళీ చూసుకుంటాను. మధ్యలో ఏదైనా మార్చాలంటే స్టీరింగ్ మీద వాయిస్ బటన్ ఉంటుంది, కానీ మన ఊళ్ళ పేర్లు అది తప్పుగా వింటుంది, మళ్ళీ మళ్ళీ చెప్తూ విసుగెత్తిపోయి చివరికి స్క్రీన్ చూస్తాం. రెండోసారి కూడా అర్థం చేసుకోకపోతే వదిలేసి, బంకు కనిపించినప్పుడు ఆపి చేతితో కొట్టుకోండి. హైవే అంచున ఆపొద్దు, బంకులోకో దాబా ముందు ఖాళీ స్థలంలోకో పూర్తిగా వెళ్ళిపోండి.

6. నడుపుతున్నప్పుడు

గొంతు వినండి, రోడ్డు పైన బోర్డు చూడండి, అద్దాలు చూడండి, చివరగా కావాలంటే స్క్రీన్ వైపు ఒక చిన్న చూపు. ఎప్పుడూ ఇదే వరస.

80 వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 44 మీటర్లు మీరు రోడ్డు చూడకుండా నడిపినట్టు. 100లో అయితే 56 మీటర్లు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లో కార్ల కంపెనీలకి ఇచ్చిన సూచనల్లో ఒక్కో చూపు 2 సెకన్లు దాటకూడదని పెట్టింది. గేదెలు అడ్డం వచ్చే, ఎదురుగా రాంగ్ రూట్‌లో బైకులు వచ్చే మన రోడ్ల మీద నాకు ఆ రెండు సెకన్లు కూడా ఎక్కువే. ఒక్క సెకనులో అర్థం కాకపోతే కళ్ళు రోడ్డు మీదకి తెచ్చేయండి, గొంతు మళ్ళీ చెప్తుంది. మలుపు తిరుగుతున్నప్పుడు, ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు, మనుషులు రోడ్డు దాటుతున్న చోట ఆ ఒక్క సెకను కూడా వద్దు.

కారు స్క్రీన్ నచ్చక ఫోన్ చేతిలోకి తీసుకునేవాళ్ళకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ 2019 సవరణ తర్వాత, నడుపుతూ ఫోన్ చేతిలో వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకి వస్తుంది. మొదటిసారికే 5000 రూపాయల దాకా జరిమానా గానీ జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. దారి చూసుకోవడానికి వాడుకోవచ్చని 2020లో నిబంధన మార్చారు, కానీ డ్రైవర్ దృష్టి చెదరకూడదనే షరతుతో. స్టాండ్ లేకుండా ఒళ్ళో పెట్టుకుని వంగి చూడటం ఆ షరతుకి సరిపోదు.

7. ఫ్లైఓవర్లు, సర్వీసు రోడ్లు

ఇది విడిగా రాయాల్సిందే. మీరు ఫ్లైఓవర్ పైన ఉన్నారా కింద ఉన్నారా అనేది సిస్టమ్‌కి చాలాసార్లు తెలియదు, రెండూ మ్యాప్ మీద ఒకే గీత. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పదకొండు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. పైన వెళ్తుంటే "ఎడమకి తిరగండి" అంటుంది, అక్కడ తిరగడానికి పిట్టగోడ తప్ప ఏమీ ఉండదు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా, హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరా ఇదే సమస్య. హైవేల మీద ఊళ్ళ దగ్గర మెయిన్ రోడ్డుకీ సర్వీసు రోడ్డుకీ మధ్య పది పదిహేను మీటర్లే, ఆ తేడా కూడా అది పట్టుకోలేదు.

అందుకని ఫ్లైఓవర్‌కి అర కిలోమీటరు ముందే పైనున్న పచ్చ బోర్డు చదివి లేన్ మార్చుకోండి. బోర్డు ఒకటి, గొంతు ఒకటి చెప్తే బోర్డునే నమ్మండి. రోడ్డు పనులు జరుగుతుంటే డైవర్షన్ బోర్డు మాటే మాట. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర, నావిగేషన్ చూపిన దారిలో వెళ్ళిన కారు వరదకి ఒక వైపు కొట్టుకుపోయిన వంతెన మీద నుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ముందు రోడ్డు ఖాళీగా, ఎదురుగా ఒక్క బండి కూడా రాకుండా, కొత్తగా అనిపిస్తే అది సంతోషించాల్సిన విషయం కాదు. వేగం తగ్గించి, ఆగి, ఎవరినైనా అడగండి.

8. మలుపు తప్పిపోతే

వదిలేయండి. ముందుకే వెళ్ళండి. ఇంతకంటే ముఖ్యమైన మెట్టు ఈ మొత్తంలో లేదు.

కొన్నేళ్ళ క్రితం నేను ఔటర్ మీద శంషాబాద్ వైపు నుంచి వస్తూ, పెద్ద అంబర్‌పేట దగ్గర 11వ ఎగ్జిట్ దాటిపోతున్నానని చివరి క్షణంలో చూసి ఎడమకి లాగాను. వెనకాల ఎడమ లేన్‌లో టిప్పర్ ఉంది. అతను బ్రేకు గట్టిగా కొట్టబట్టి బతికాం, వెనక సీట్లో మా అమ్మ ఉంది. వదిలేసి ఉంటే ఏమయ్యేది? తర్వాతి ఎగ్జిట్ తారామతిపేటలో దిగి వెనక్కి వచ్చేవాణ్ణి. మహా అయితే పావుగంట. ఆ పావుగంట కోసం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఔటర్ మీద రివర్స్ చేసేవాళ్ళని, పక్కకి ఆపి మ్యాప్ చూసుకునేవాళ్ళని చూస్తుంటాను. అక్కడ గరిష్ఠ వేగం 120. ఆగిన బండి అక్కడ ఊహించని అడ్డంకి. హైవే మీద "యూటర్న్ తీసుకోండి" అన్నా డివైడర్‌లో కనిపించిన సందులోంచి తిప్పకండి, చాలావరకు అవి ఊరివాళ్ళు వాడుకునే కంతలు. అండర్‌పాస్ దాకా గానీ పెద్ద జంక్షన్ దాకా గానీ వెళ్ళి తిరగండి. ఈలోపు సిస్టమ్ తనంతట తానే కొత్త దారి వేస్తుంది, మీరు ఏమీ నొక్కనక్కర్లేదు.

9. వానాకాలం

వాగు పొంగిందని మ్యాప్‌కి తెలియదు. పల్లె రోడ్ల మీద చప్టాలు ఉన్నచోట నీళ్ళు రోడ్డు మీదుగా పారుతుంటే, అవతల ఊరు కిలోమీటరే ఉన్నా దిగొద్దు. అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారుని పక్కకి నెట్టేయగలవు. రాత్రిపూట లోతు అసలే తెలియదు. వెనక్కి తిప్పి పెద్ద రోడ్డు పట్టుకోండి. నేషనల్ హైవే మీద ఇబ్బంది వస్తే 1033, ఎక్కడైనా ప్రమాదమైతే 112, అంబులెన్స్‌కి 108. ఈ మూడూ కారులో స్టిక్కర్ మీద రాసి అంటించుకోండి.

సరిగ్గా వాడుతున్నారో లేదో తెలుసుకోవడం

కొత్త కారుతో మొదటిసారి దూరం వెళ్ళే ముందు, బాగా తెలిసిన దారిలో, ఆదివారం పొద్దున్నే ఒకసారి పెట్టి చూడండి. మలుపు ఎంత ముందు చెప్తోంది, 200 మీటర్లు అన్నప్పుడు నిజంగా రోడ్డు మీద ఎంత దూరం ఉంది, ఫ్లైఓవర్ దగ్గర ఏం చేస్తోంది అని చెవికి అలవాటు చేసుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి మీరు ఎన్నిసార్లు స్క్రీన్ చూశారో లెక్కపెట్టమనండి, నేను మా అబ్బాయిని పెట్టాను, వాడు చెప్పిన లెక్క నేను అనుకున్నదానికి రెట్టింపు. ఆ తర్వాత స్క్రీన్ మీద మ్యాప్ తీసేసి గొంతు ఒక్కటే ఉంచి ఇంకోసారి వెళ్ళండి. దారి తప్పకుండా చేరితే దూరప్రయాణానికి మీరు సిద్ధమే. తప్పితే మళ్ళీ 4వ మెట్టుకి వెళ్ళి గొంతు సర్దుకోండి.

10. చేరబోతున్నప్పుడు

పల్లెల్లో చివరి అర కిలోమీటరు సిస్టమ్‌ని పెద్దగా నమ్మకండి. ఇంటి వెనక కాలువ గట్టు మీద దించి "గమ్యం చేరారు" అంటుంది, మధ్యలో కాలువ ఉంటుంది, వంతెన ఎక్కడో ఉంటుంది. ఊరి సెంటర్‌లో ఆపి ఫోన్ చేయండి, లేదా టీ కొట్టు దగ్గర ఇంటి పెద్దాయన పేరు చెప్పి అడగండి. గట్టు మీద రివర్స్ చేయాల్సి వస్తే ఒకరు దిగి వెనక నిలబడాలి.

ఇంటి ముందు బండి ఆపాక, ఇంజిన్ ఆపేసే ముందు, ఆ చోటుని మీకు అర్థమయ్యే పేరుతో సేవ్ చేసుకోండి. నేను "అత్తయ్య ఇల్లు, రావిచెట్టు" అని పెట్టుకున్నాను, ఇప్పుడు కొత్తపేట అని కొట్టాల్సిన పనే లేదు.